దెబ్బకి మైల లేదు

అక్క గర్భసంచి తీయించుకున్నది నొప్పి తట్టుకోలేక కాదు. ఒడ్డుకి వెళ్లడం కోసం.

మాది బందరుకి తూర్పున, మంగినపూడి వైపు, సముద్రం మీద బతికే ఒక పల్లె. మగవాళ్లు వేటకి వెళ్తారు. పడవలు తిరిగొచ్చాక చేపల్ని ఇసకలోనే కుప్పలు పోసి వేలం వేస్తారు. మా వాళ్లు దాన్ని పాట అంటారు. పాడేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. పాటలో కొన్న చేపల్ని గంపలకెత్తుకుని బందరు వీధుల్లో తిరిగి అమ్ముతారు. అక్కకి ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. పెళ్లి కూడా ఊళ్లోనే అయింది కాబట్టి ఇల్లు మారింది గాని ఒడ్డు మారలేదు.

ముట్టు వచ్చిన ఆడది ఆ ఒడ్డున అడుగు పెట్టకూడదు. పడవనీ వలనీ తాకకూడదు. వేటకి బయల్దేరే మగవాడికి ఎదురు రాకూడదు. ఆ రోజులన్నీ పెరట్లో తాటాకు కప్పిన చిన్న పాకలో విడిగా ఉండాలి. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. ఫలానా ఆవిడ బయట ఉంది అంటే ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. అప్పటికే కొన్ని ఇళ్లలో ఈ పట్టింపు సడలింది. అక్క అత్తవారింట్లో సడలలేదు. బావ తండ్రి ఒకసారి వేటకి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటి నుంచి బావ తల్లి ఏ చిన్న నియమాన్నీ వదిలేది కాదు. ఆమెని నేను కూడా అత్తా అనే పిలిచేదాన్ని. ఆమె గయ్యాళి కాదు. ఒక్క కొడుకుని రోజూ అదే సముద్రంలోకి పంపే మనిషి.

ముప్ఫై అయిదేళ్లు దాటాక అక్క గర్భసంచిలో గడ్డలు పెరిగాయి. మూడు రోజులుండే ముట్టు వారమైంది, తర్వాత రెండు వారాలకి సాగింది. నెలలో సగం అక్క పాకలోనే ఉండేది. పొద్దున్నే ఒడ్డు మీద పాట గోల అక్కడికి వినబడేది. అటువైపు తిరిగి కూర్చునేది.

“కూరగాయలమ్మే ఇంట్లో పుట్టినా పోయేదే,” అంది ఒకసారి నాతో. “బెండకాయలు మనం ఎలాగున్నామో చూడవు.”

నేను ఆమె కన్నా పన్నెండేళ్లు చిన్నదాన్ని. అమ్మ పోయాక నన్ను చంకనెత్తుకుని తిరిగింది అక్కే. పదేళ్లకి నన్ను బందరులో హాస్టల్లో చేర్పించారు. అక్కడి నుంచి చదువు, ఆ తర్వాత గుడివాడలో స్కూలు ఉద్యోగం, ఒక అద్దె గది. సెలవులకి ఊరు వెళ్తే అక్క ఒడ్డు మీదైనా ఉండేది, పాకలోనైనా ఉండేది. ఒడ్డు మీద ఉంటే పని. పాకలో ఉంటే నన్ను నాలుగు బారల దూరంలో కూర్చోమనేది. పదేళ్ల వయసు తర్వాత ఆమె పక్కన పడుకున్న గుర్తు నాకు లేదు.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అత్త ఒప్పుకోలేదు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను.

“సంచి తీసేస్తే ఆడదానికి సత్తువ ఉండదే. గంపెత్తలేవు,” అంది అత్త.

“ఇప్పుడు మాత్రం ఎక్కడెత్తుతున్నాను? నెలలో సగం ఆ పాకలో ఊసులాడుకుంటా కూచుంటన్నా.”

“ఎవరితో?”

“కోళ్లతో.”

“అవైనా నీ మాట వింటన్నాయా?”

“నీకన్నా నయం.”

అత్త మూతి బిగించి నవ్వాపుకుంది. బావ వల బాగు చేసుకుంటూ తల ఎత్తకుండా, “చేయించుకోనీ అమ్మా,” అన్నాడు. అంతటితో అది తేలిపోయింది.

తొంభైల చివరి మాట ఇది. బందరులో ఒక డాక్టరమ్మ నడిపే చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఇబ్బందేమీ రాలేదు. తీసిన సంచిని ఒక స్టీలు బేసిన్‌లో పెట్టి బయటికి తెచ్చి మాకు చూపించారు. గడ్డలతో అది ఒక పెద్ద బంగాళాదుంపలా ఉంది. అత్త దగ్గరగా వంగి చూసి, “ఇంతదాన్ని మోసుకుంటా చేపల గంప ఎలా మోసిందమ్మా ఇది,” అంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పారు. బరువులెత్తకూడదు. కొంచెం మరక కనబడితే కంగారు పడక్కర్లేదు. ఎక్కువైతే మాత్రం వెంటనే రావాలి.

ఎక్కువ అన్న మాటకి డాక్టరమ్మ కొలత ఒకటి, అక్క కొలత ఒకటి. ఏళ్ల తరబడి గడ్డలు గడ్డలుగా రక్తం పోయిన మనిషికి చీర కుచ్చెళ్లు తడిస్తే అది మామూలే. ఆ సంగతి ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు ఎవరికీ తట్టలేదు.

నేను గుడివాడ వచ్చేశాను. పరీక్షలు నడుస్తున్నాయి. రెండు వారాల తర్వాత సెలవు దొరికి, బస్సెక్కి బందరు దిగి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో మంచం మీద పడుకుని ఉంటుందనుకుంటూ లోపలికి వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది. అత్త పొయ్యి దగ్గర ఉంది.

“అక్కేది అత్తా?”

“బయట ఉంది.”

నాకు వెంటనే అర్థం కాలేదు. “బయటెందుకుంటుంది? ఆపరేషన్ అయింది కదా.”

“అయితే? వచ్చింది. లెక్క తప్పకుండా వచ్చింది. నేను చెప్తానే ఉన్నా. సంచి తీసినంత మాత్రాన పాత నెత్తురు ఎక్కడికి పోద్ది?”

పెరట్లోకి వెళ్లాను. అక్క పాకలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. పెదవులకీ ముఖానికీ తేడా లేకుండా ఒకే రంగులో ఉన్నాయి.

“అక్కడే ఆగు,” అంది.

“ఎన్నాళ్ల నుంచి అక్కా?”

“మొన్నటి నుంచి. నెలలో ఎప్పుడొచ్చేదో అప్పుడే వచ్చింది చూడు. అంత కోయించుకుని ఏం లాభం? అత్త నవ్వుతాదని నేనే ముందొచ్చి ఇక్కడ కూచున్నా.”

“అత్త నవ్విందా?”

“లేదు. అదే బాధగా ఉంది. నవ్వినా బాగుండేది.”

మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. ఎండలో పరిగెత్తి వచ్చిన మనిషిలా ఉంది గాని ఒంటి మీద చెమట చల్లగా మెరుస్తోంది. మంచినీళ్లడిగింది. చెంబుతో పోస్తే, చెంబు తనకి తగలకుండా దోసిలి పట్టి తాగింది. మళ్లీ అడిగింది. ఆమె పక్కన ఒక పాత నేత చీర ఉంది, ముక్కలుగా చింపి వాడుకోవడానికి. దాంట్లో అంచు తప్ప ఏమీ మిగల్లేదు. వాడిన గుడ్డల్ని తెల్లవారకముందే ఎవరూ చూడకుండా కాలవలో ఉతుక్కుని వచ్చేదట. అందుకే ఎంత పోతోందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలియాల్సిన చోటుకి ఎవరూ రాకూడదు కదా.

నేను పాకలోకి వెళ్లాను.

“వద్దే. ముట్టుకోకు. బావ రేపు వేటకెళ్లాలి.”

“నేను వెళ్లట్లేదుగా వేటకి.”

“ఇంట్లో తిరుగుతావు. అన్నీ తాకుతావు.”

చంకల కింద చేతులు వేసి లేపబోయాను. నిలబడింది. ఒక అడుగు వేసింది. ఆమె కూర్చున్న చాప అప్పుడు కనబడింది నాకు. ఇంకో అడుగు వేసేలోపు ఆమె బరువంతా నా మీదికి వచ్చింది. నేను ఆపలేకపోయాను. ఇద్దరం నేల మీద పడ్డాం.

నేను బావా అని పిలిచాను. అతను ఇంటి ముందు వల దగ్గర ఉన్నాడు. పెరట్లోకి వచ్చి, పాకకి ఇవతల గీత గీసినట్టు ఆగిపోయాడు. వెనకే అత్త వచ్చింది. అతను తల్లి ముఖం చూశాడు. అత్త చాప చూసింది. వద్దని అనలేదు, వెళ్లమనీ అనలేదు. బావ లోపలికి వచ్చి అక్కని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు.

అక్క కళ్లు తెరిచి, “నీకేమన్నా పిచ్చా,” అంది అతనితో.

“నోర్ముయ్,” అన్నాడు బావ. ఆ మాట అంత మెత్తగా అనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు.

ఆటోలో అక్క తల నా ఒళ్లో ఉంది, కాళ్లు బావ ఒళ్లో ఉన్నాయి. దారంతా ఆమెకి ఒకటే ధ్యాస. మీరిద్దరూ ఇంటికెళ్లగానే తలారా స్నానం చెయ్యాలి. రేపు పడవెక్కకు. పడవెక్కకు. బావ అలాగే అలాగే అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉన్నారు. నాడి చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, ఒక్క ప్రశ్న అడిగారు. “ఎప్పటి నుంచి?” మొన్నటి నుంచి అని చెప్పాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి నర్సుల్ని పిలిచారు. రెండు చేతులకీ సెలైన్లు పెట్టారు. లోపలి గదిలోకి తీసుకెళ్లారు. బయటికి వచ్చాక చెప్పారు. లోపల కుట్లు వేసిన చోట చీము పట్టింది. దానివల్ల కుట్టు వదులై ఒక చిన్న రక్తనాళం తెరుచుకుంది. ఆపరేషన్ అయిన రెండో వారంలో కొందరికి ఇలా జరుగుతుంది. మందులో తడిపిన పొడుగాటి గాజుగుడ్డని లోపల గట్టిగా కూరి పెట్టారు. ఆ ఒత్తిడికి రక్తం ఆగాలి. చీము తగ్గడానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పోయిన రక్తం ఎక్కించాలి.

“రేపంతా గుడ్డ అలాగే ఉంచి ఎల్లుండి పొద్దున తీస్తాను. పొడిగా ఉంటే గండం గడిచినట్టే. మళ్లీ పోటెత్తితే మాత్రం పొట్ట తెరిచి నాళాన్ని కట్టాలి. అది ఇక్కడ కుదరదు, బెజవాడ తీసుకెళ్లాలి. ఈ నీరసంలో ఆ ప్రయాణం...” అని ఆగారు. “ఆ అవసరం రాకూడదనే చూద్దాం.”

రక్తం కోసం బావ తన పడవలో వెళ్లేవాళ్లని ఇద్దర్ని పిలిపించాడు. వలలు లాగే మనుషులకి రక్తం ఇవ్వడమంటే భయం. సత్తువ పోతుందంటారు. అయినా వచ్చారు. వాళ్లలో ఒకతను ఇచ్చి వచ్చి, మోచెయ్యి మడిచి పట్టుకుని, అక్క మంచం దగ్గర నిలబడ్డాడు.

“రేవులో మా నెత్తురు తాగేది చాలక ఇక్కడ సూదెట్టి కూడా తాగుతున్నావా వదినా?”

అక్క కళ్లు సగం తెరిచింది. “మీరు కుళ్లిపోయిన కవళ్లు తెచ్చి చందువా చేపల రేటడిగితే తాగక ఏం చెయ్యమంటావు?”

“చూశావా, ఎక్కింది. పని చేస్తంది,” అన్నాడతను బావతో. ముట్టు తగిలినవాళ్లు పడవెక్కకూడదన్న సంగతి వాళ్లెవరూ ఎత్తలేదు.

గదిలో రెండు మంచాలు. రెండో మంచం మీద దివిసీమ నుంచి, హంసలదీవి వైపు ఊరి నుంచి వచ్చినావిడ ఉంది. ఆవిడకీ అదే ఆపరేషన్ అయి నాలుగైదు రోజులైంది. దిండు కింద చిన్న బైబిలు, దాని మీద కళ్లజోడు. మొదటి రోజు అక్కని కదపకుండా పడుకోబెట్టారు. పైకప్పు చూస్తూ పడుకున్న అక్కని ఆవిడ మాటల్లో పెట్టింది. పాక సంగతి విని ఆశ్చర్యపోయింది.

“మా ఇంట్లో అదేం లేదమ్మా. ముట్టొచ్చినా ఊడ్పులకెళ్లాల్సిందే, అన్నం వండాల్సిందే, ఆదివారం గుడికెళ్లాల్సిందే.”

“కూచోనివ్వరా?” అంది అక్క.

“ఎక్కడ కూచోనిస్తారు? కడుపు పట్టుకుని వంగిపోతంటే, వంగావుగా ఎలాగూ, నాలుగు నాట్లు వెయ్యమంటారు.”

“అయితే నాకే నయం. కోళ్లన్నా తోడుండేయి.”

ఇద్దరూ నవ్వారు. నవ్వొద్దు, నవ్వితే పొట్ట మీద ఒత్తిడి పడుతుందని నర్సు వచ్చి కోప్పడింది. ఆవిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఆ సాయంత్రం అత్త వచ్చింది. చేతిలో క్యారేజీ, తడి జుట్టు ముడి. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. క్యారేజీని గుమ్మం లోపల నేల మీద పెట్టి నా వైపు జరిపింది. అక్క ఆమెని చూసి తల పక్కకి తిప్పుకుంది. కోపం కాదు. సిగ్గు. ఆపరేషన్ కోసం అంత పోట్లాడి, ఆఖరికి ఇలా పడుకుని ఉన్నందుకు.

డాక్టరమ్మ అప్పుడే చూడ్డానికి వచ్చారు.

“ఏం పెద్దమ్మగారూ, అక్కడే నిలబడిపోయారు?”

“ఇది బయట ఉంది కదండీ. నా కొడుకు మళ్లీ సముద్రం మీదికెళ్లాలి. నేను వండి పెట్టాలి.”

నేను ఏదో అనబోయాను. డాక్టరమ్మ నన్ను ఆగమన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తారు.

“ముట్టొచ్చే సంచిని తీసి బేసిన్‌లో పెట్టి మీకు చూపించాను. చూశారా?”

“చూశానండీ.”

“మరి సంచి లేకుండా ముట్టు ఎక్కణ్ణించి వస్తుంది?”

అత్త ఆలోచించింది. “మరిదేంటండీ?”

“లోపల కోసి కుట్టిన చోట పుండైంది. పుండులోంచి రక్తం. మీ అబ్బాయికి వేటలో కాలు తెగిందనుకోండి. పెరట్లో కూర్చోబెడతారా?”

“ఎందుకు కూచోబెడతాం? కట్టు కడతాం.”

“నేనూ కట్టే కట్టాను. లోపల కట్టాను, కనబడదు.”

అత్త కళ్లు అక్క మంచానికి వేలాడుతున్న రక్తం సీసా మీద, అక్క చేతి మీద, మళ్లీ డాక్టరమ్మ మీద తిరిగాయి. పాటలో కుప్ప కొనే ముందు ఆడవాళ్లు కింది చేపల్ని కూడా తిరగేసి చూస్తారు. అలా చూసింది.

“అయితే ఇది దెబ్బంటారు.”

“దెబ్బే.”

“పాత నెత్తురు కాదు?”

“ఒక్క చుక్క కాదు. కొత్త దెబ్బ, కొత్త నెత్తురు.”

“దెబ్బకి మైల లేదు,” అంది అత్త. ఎవరో అడిగితే తీర్పు చెబుతున్నట్టు అంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, క్యారేజీ తీసుకుని, మంచం మీదే కూర్చుంది. జావ గ్లాసులో పోసి, అక్క తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది.

“తాగు. ముందే దెబ్బని చెప్పి ఏడవచ్చుగా.”

“నాకు మాత్రం ఏం తెలుసు?” అంది అక్క. గ్లాసు పెదవులకి ఆనాక ఏడ్చింది. అత్త చెంగుతో ఆమె ముఖం తుడిచి మళ్లీ గ్లాసు పెట్టింది.

ఆ పట్టింపు మీద నేను ఏళ్ల తరబడి అత్తతో వాదించాను. ఒక్కసారి కూడా ఆమెని అంగుళం కదపలేదు. డాక్టరమ్మ పట్టింపు జోలికే పోలేదు. అక్కని దాని లోపలి నుంచి ఇవతలికి తెచ్చారు, అంతే. అత్త ఊరు వెళ్లాక కొళాయి దగ్గర కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పిందట, మా కోడలిది ముట్టు కాదు, దెబ్బ అని. తర్వాతి ఏళ్లలో ఊళ్లో ఎవరు ఈ ఆపరేషన్ చేయించుకుని వచ్చినా ఆమె ఆ ఇంటికి వెళ్లి, చుక్క కనబడితే బందరు తీసుకెళ్లమని దబాయించేది.

గుడ్డ తీసే పొద్దున నన్ను లోపలికి రానిచ్చారు. అక్క చెయ్యి పట్టుకుని తల వైపు నిలబడ్డాను. అత్తా బావా తలుపు అవతల ఉన్నారు. డాక్టరమ్మ నెమ్మదిగా లాగుతున్నారు. గుడ్డ వస్తూనే ఉంది. అంత గుడ్డ ఒక మనిషి లోపల ఎలా పట్టిందో. మొదట ముదురు గోధుమ రంగు, తర్వాత లేత రంగు, చివర కొంచెం పసుపు. అక్క పళ్లు బిగించి పైకి చూస్తోంది. మొత్తం వచ్చాక డాక్టరమ్మ లైటు వంచి చూస్తూ ఉండిపోయారు.

“ఒకసారి దగ్గమ్మా.”

అక్క దగ్గింది.

“ఇంకోసారి. గట్టిగా.”

మళ్లీ దగ్గింది. ఆమె గోళ్లు నా అరచేతిలో దిగాయి. డాక్టరమ్మ తెల్లటి దూది ముద్ద పెట్టి అద్ది, తీసి, లైటు కింద చూసి, మాకు చూపించారు. తెల్లగానే ఉంది.

“పొడిగా ఉంది,” అన్నారు.

అక్క నా వైపు తల తిప్పి మెల్లగా, “వేలు విరిగిందా?” అని అడిగింది. విరగలేదని చెప్పాను.

ఇంజెక్షన్లు పూర్తయ్యేదాకా వారం పైన అక్కడే ఉంచారు. నేను సెలవు పెంచుకున్నాను. బావ వేటకి వెళ్లాడు, అత్త పూట మార్చి పూట వచ్చేది. మిగతా సమయమంతా అక్క నాది. నాకు ఇప్పటికీ కావాల్సింది ఆ రోజులే. చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. ఆమె జుట్టు చిక్కు తీసి జడ వేసేదాన్ని. పక్క మీద జరిగి నాకు చోటిచ్చేది, ఇద్దరం ఇరుకుగా పడుకునేవాళ్లం. మందుల వాసనలో కూడా ఆమె మెడ దగ్గర ఉప్పు వాసన ఉండేది. నాకు అయిదారేళ్ల వయసులో తెలిసిన వాసన అది. గుడివాడలో నా గది గురించి అడిగేది. కిటికీ ఎటు వైపు? నీళ్లు పైకి మోసుకోవాలా? ఒక్కదానివీ వండుకుంటావా, లేకపోతే పస్తులుంటావా? అన్ని పుస్తకాలు పెట్టుకుని పడుకోడానికి చోటెక్కడిదే? నేను జవాబులు చెప్తుంటే కళ్లు మూసుకుని వినేది.

“వస్తాను ఒకసారి,” అంది. “నాలుగు రోజులుంటాను. చేప లేకుండా నాలుగు రోజులు తిని చూస్తాను, బతుకుతానో లేదో.”

అక్క రాలేదు. కోలుకుంది, కొన్ని నెలలు గంప ఎత్తకుండా ఊరుకుంది, ఆ తర్వాత ఒడ్డుకి వెళ్లడం మొదలుపెట్టింది. ఇక ఒక్క రోజు మానలేదు. నెలలో సగం రోజులు పాకలో పోగొట్టుకున్న మనిషి. ఏ పొద్దునైనా సరే వదులుకోవడానికి ఆమెకి మనసొప్పేది కాదు. బస్సులో గంటన్నర దూరం గుడివాడ. నేను పిలిచినప్పుడల్లా, ఈసారి చందువాలు పడుతున్నాయి, ఈసారి రొయ్యలు పడుతున్నాయి, వచ్చే నెల చూద్దాం అనేది. ఊరెళ్తే ఇప్పుడు పాకలో కూడా దొరికేది కాదు. ఆమె బాగుండాలనే నేను ఆ మంచం పక్కన కూర్చున్నాను. బాగుంది. బాగుండి, నాకు దూరంగానే ఉంది. దానికి ఎవర్ని ఏమనగలను? నేను కోరుకున్నదే జరిగింది.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక వానాకాలం జ్వరం వచ్చి అక్క చనిపోయింది. ఆపరేషన్‌కీ దానికీ సంబంధం లేదని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. నేను అడిగాను కాబట్టి చెప్పారు. అత్త అప్పటికి ఇంకా ఉంది. ఆ రోజు నన్ను దగ్గరికి తీసుకుని కూర్చుంది. మేం ఇద్దరం అక్క గురించి పోట్లాడుకోవడానికి ఇక ఏమీ లేదు.

పెద్దయ్యాక ఒకే ఒక్కసారి అక్కతో కలిసి ఒడ్డుకి వెళ్లాను. కోలుకున్న మొదటి సంవత్సరం, ఎండాకాలం సెలవుల్లో. తెల్లవారుతుండగా నన్ను లేపింది. దారిలో నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, అయినా చిన్నపిల్లని నడిపించినట్టు నడిపించింది. పడవలు ఇంకా రాలేదు. ఇసక చల్లగా ఉంది. ఆడవాళ్లు గంపలు బోర్లించి వాటి మీద కూర్చుని ఉన్నారు. అక్కని చూసి పలకరింపులు, వేళాకోళాలు. ఒకావిడ, “వచ్చిందమ్మా రేటు పెంచే మారాణి,” అంది. “నువ్వు పాడలేకపోతే నేనేం చేసేది పిన్నీ,” అంది అక్క.

మొదటి పడవ కనబడగానే నా చెయ్యి వదిలేసింది. చీర ఎగగట్టి నీళ్లలోకి దిగింది. మగవాళ్లతో పాటు పడవ అంచుకి అరచేతులు ఆనించి ఒడ్డు మీదికి నెట్టింది. పిక్కల దాకా తడి, నుదుటి మీద జుట్టు. ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూస్తున్నానో లేదో అని. అంతే, కుప్పలు పోయడం మొదలయింది, ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు.

నేను వెనక నిలబడ్డాను. ఒక ముసలావిడ నా చీర, నా చెప్పులు చూసి అడిగింది.

“ఎవరమ్మా? పాడతానికొచ్చావా?”

“లేదండీ. మా అక్కతో వచ్చాను.”

“మీ అక్కెవరు?”

చూపిద్దామని చెయ్యి ఎత్తాను. అందరూ ఒకేలా నడుము వంచి ఉన్నారు, అందరి చీరలూ మోకాళ్ల దాకా తడిసి ఒకే రంగులో ఉన్నాయి. అక్క గొంతు వినబడుతోంది, అందరికన్నా పైకి, ధర పెంచుతూ. ఆ వంగిన వీపుల్లో ఆమెది ఏదో నేను పోల్చుకోలేకపోయాను.